పందుల బేరం, రాష్ట్రాల పొలిమేర



1998 డిసెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆరు నెలలు మేపిన పందిని అమ్ముకుంటే రైతు చేతికి ఇరవై, ఇరవై ఐదు డాలర్లు వచ్చాయి. రెండువందల యాభై పౌన్ల జంతువు అది, అంటే నూట పదమూడు కిలోలు. దాన్ని అంతకు తేవడానికి దాణాకూ, మందులకూ, షెడ్డుకూ అయిన ఖర్చు తొంభై డాలర్ల పైమాటే. వంద పౌన్ల బరువుకు పది డాలర్లు కూడా పలకలేదు. రూపాయికి, డాలరుకు విలువ ఏటా తగ్గుతుంది కదా, ఆ తరుగును లెక్కలోకి తీసుకుంటే 1930ల మహామాంద్యంలో కూడా పంది అంత చవకగా పోలేదు. అదే నెలలో ఊళ్లోని సూపర్ మార్కెట్లో పంది మాంసం ధర మాత్రం పెద్దగా దిగలేదు.

ధర పడిపోవడం వ్యవసాయంలో కొత్త కాదు. ఆ ఏడాది పందులు ఎక్కువగా పెరిగాయి, డెట్రాయిట్‌లో ఒక పెద్ద కబేళాతో పాటు మరికొన్ని అంతకు ముందే మూతపడ్డాయి. సరుకు ఎక్కువ, కోసే చోటు తక్కువ. ఆర్థికశాస్త్రం పుస్తకం తీస్తే మొదటి అధ్యాయంలోనే ఇందుకు జవాబు దొరుకుతుంది. కానీ అయోవా రైతులను కుదిపింది అది కాదు. పక్క షెడ్డు వాడికి అదే వారం, అదే కంపెనీ, అదే రకం పందికి దాదాపు మూడు రెట్లు ఇచ్చిందని తెలియడం. వాడికి కాంట్రాక్టు ఉంది, వీడికి లేదు. ఎంత తేడా, ఎందుకు తేడా అని అడిగితే కంపెనీ చెప్పదు. పక్క రైతు కూడా చెప్పలేడు. చెప్పకూడదని కాంట్రాక్టులోనే రాసి ఉంది.

దీని మీద అక్కడి రాష్ట్రాలు ఏం చేశాయి, ఎంతవరకు చేయగలిగాయి అన్నదే ఈనాటి మాట.

ముందు ఆ ఊళ్ల సంగతి కొంచెం చెప్పాలి. అయోవాలో మనుషులు ముప్పై రెండు లక్షలు. పందులు రెండు కోట్ల పైనే. అమెరికాలోని పందుల్లో ఇంచుమించు మూడో వంతు ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. మొక్కజొన్న పండే నేల కాబట్టి గింజను అమ్ముకునే బదులు పందికి మేపి పందిని అమ్ముకోవడం అక్కడ పాత లెక్క. భూమి తాకట్టు తీర్చేది పందే అని అక్కడివాళ్లు అనేవారు. ప్రతి రైతు ఇంటి వెనకా ఓ యాభయ్యో వందో పందులు ఉండేవి. 1980లో అమెరికా మొత్తం మీద పందులు పెంచే రైతులు ఆరున్నర లక్షలకు పైగా ఉన్నారు. ఇప్పుడు ఆ సంఖ్య అరవై వేల చుట్టూ తిరుగుతోంది. పందుల సంఖ్య తగ్గలేదు, పెరిగింది.

ఇక్కడ పంది గురించి ఒక్క సంగతి తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. పంది ఆగదు. వడ్లు గాదెలో పోసి మంచి ధర కోసం రెండు నెలలు కాచుకోవచ్చు. మిరపను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. పంది రోజుకు సుమారు రెండు పౌన్ల చొప్పున బరువెక్కుతూనే ఉంటుంది. కంపెనీ కోరిన బరువు దాటిందా, ధరలో కోత మొదలవుతుంది. దానికి తోడు ఆ షెడ్డు ఖాళీ కావాలి, వెనక పిల్లల మంద సిద్ధంగా ఉంటుంది. కాబట్టి రైతు బేరానికి కూర్చునేటప్పటికే అతని గడియారం నడుస్తోంది. అవతలి మనిషికి ఆ సంగతి తెలుసు.

పాత రోజుల్లో ఈ బేరం బహిరంగంగా జరిగేది. షికాగోలో 1865లో పెట్టిన యూనియన్ స్టాక్ యార్డ్ ప్రపంచంలోనే పేరుమోసిన పశువుల సంత. ఒమాహా, సూ సిటీ, సౌత్ సెయింట్ పాల్ యార్డులూ అలాంటివే. రైతు తన పందులను దొడ్లోకి తోలితే పలు కంపెనీల కొనుగోలుదారులు వచ్చి చూసి ధర చెప్పేవారు. ఎవరు ఎంతకు కొన్నారో సాయంత్రం కల్లా రేడియోలో వచ్చేది. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి రేడియో దగ్గర కూర్చుని పందుల ధర వినడం అక్కడి పల్లెల్లో భోజనంతో పాటు జరిగే పని. షికాగో యార్డు 1971లో మూతపడింది. ఒమాహా 1999లో, సూ సిటీ 2002లో, సౌత్ సెయింట్ పాల్ 2008లో. ఆ యార్డుల బదులు కంపెనీలు నేరుగా రైతు దగ్గరే కొనడం మొదలుపెట్టాయి.

నేరుగా కొనడంలో తప్పేముంది అనుకోవచ్చు. దళారీ పోయాడు కదా. నిజమే, కొంత మేలు కూడా జరిగింది. ఎలాగంటే, ఇప్పుడు పందిని ప్రాణంతో తూచి డబ్బివ్వరు. కోశాక తూస్తారు. వేలాడే ఒక్కో కళేబరానికీ పక్కటెముకల దగ్గర సూదిలాంటి పరికరం గుచ్చి కొవ్వు ఎంత మందం, కండ ఎంత మందం అని కొలుస్తారు. ఆ కొలతలన్నీ ఓ కాగితం మీద అచ్చయి రైతుకు వస్తాయి. ఒక లారీ సరుకుకు ఒక కాగితం. అందులో ఎడమ పక్క బరువులు, పైన కండ శాతం, మధ్యలో గళ్లు. ఏ గడిలో పడితే ఆ ధర. మంచి జాతిని మంచిగా మేపినవాడికి ఎక్కువ డబ్బు వస్తుంది. కొవ్వు పంది తెచ్చినవాడు తక్కువతో సరిపెట్టుకుంటాడు. ఇందులో న్యాయం ఉంది.

అయితే ఆ గళ్లకు ముందు ఒక సంఖ్య ఉంటుంది. మూల ధర. దాని మీదే కూడికలూ తీసివేతలూ. ఆ మూల ధర ఎక్కడి నుంచి వస్తుంది? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

చాలా కాంట్రాక్టుల్లో ఇలా రాసుకునేవారు: ఫలానా రోజున అయోవా, దక్షిణ మిన్నెసోటా ప్రాంతంలో నగదు బేరంలో పలికిన ధరకు ఇంత కలిపి ఇస్తాం. అంటే కాంట్రాక్టు రైతు ధర కూడా నగదు బేరం మీదే నిలబడి ఉంది. 1990ల మొదట్లో అమెరికాలో అమ్ముడైన పందుల్లో సగానికి పైగా నగదు బేరంలోనే పోయేవి కాబట్టి ఆ ధరకు ఓ అర్థం ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగిపోయింది. ఇప్పుడు వందలో రెండు మూడు పందులు మాత్రమే అలా అమ్ముడవుతున్నాయి. వాటి ధరే చాలాకాలం మిగతావాటికీ తూకంరాయి.

ఒక కబేళాకు రోజుకు పదివేల పందులు కావాలనుకోండి. తొమ్మిదివేల ఐదువందలు కాంట్రాక్టు ద్వారానో, కంపెనీ సొంత షెడ్ల నుంచో ముందే ఖాయం. ఇక కావలసింది ఐదువందలు. వాటికోసం కొనుగోలుదారు తొందరపడి ధర పెంచాలా? పెంచితే ఆ ఐదువందలకే కాదు, ఆ ధరతో ముడిపడ్డ వేలాది పందులకూ పెంచినట్టవుతుంది. ఇవాళ ఆగి రేపు కొన్నా నష్టం లేదు. ఇందులో కుట్ర ఉండనక్కర్లేదు, ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా చేసే పని అదే. నా మటుకు నాకు, ఈ విషయం మీద జరిగిన వాదనల్లో కంపెనీల దురాశ గురించి ఎక్కువా, ఈ లెక్క గురించి తక్కువా మాట్లాడారనిపిస్తుంది.

కాంట్రాక్టుల్లో ఒక తమాషా రకం కూడా ఉండేది. ధర ఎంత పడినా కంపెనీ రైతుకు ఓ కనీస మొత్తం ఇస్తుంది. మార్కెట్ ధరకూ దానికీ ఉన్న తేడాను రైతు ఖాతాలో బాకీగా రాస్తుంది. ధర పెరిగాక తీర్చాలి. 1998లో అలాంటి కాంట్రాక్టు ఉన్న రైతులు గట్టెక్కారు, నిజమే. కానీ గట్టెక్కినవాడి ఖాతా పుస్తకంలో పెద్ద అంకె కూడా పడింది. ధాన్యం మిల్లు దగ్గర పెట్టుబడి తెచ్చుకుని ఆ మిల్లుకే వడ్లు తోలే మన రైతుకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

మాంసం కంపెనీలను అదుపులో పెట్టాలన్న ఆలోచన అమెరికాకు 1998లో పుట్టింది కాదు. స్విఫ్ట్, ఆర్మర్, మోరిస్, విల్సన్, కుడహీ అనే ఐదు కంపెనీలు మొదటి ప్రపంచయుద్ధం నాటికే దేశంలోని మాంసం వ్యాపారాన్ని పంచుకున్నాయి. యార్డులూ వాళ్లవే, శీతల రైలుపెట్టెలూ వాళ్లవే. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపింది, 1921లో ప్యాకర్స్ అండ్ స్టాక్‌యార్డ్స్ చట్టం వచ్చింది. ఒక అమ్మకందారుకు అకారణంగా మేలు, మరొకరికి అకారణంగా కీడు చేయకూడదని అందులో ఉంది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది కూడా. మరి అంత చట్టం ఉండగా 1998 ఎందుకు జరిగింది? ‘అకారణంగా’ అన్న మాటకు కొలత ఎవరూ రాయలేదు, అమలు చేసే విభాగం మెతకగా ఉండేది. దాంతో రైతులు వాషింగ్టన్ వైపు చూడడం మానేసి తమ రాష్ట్ర రాజధానుల వైపు తిరిగారు.

1999 అలా రాష్ట్రాల సంవత్సరం అయింది. అయోవా, మిన్నెసోటా, నెబ్రాస్కా, సౌత్ డకోటా, మిస్సోరి, ఇలా వరసగా చట్టాలు చేశాయి. కొన్ని రాష్ట్రాలు, కంపెనీ ఏ రోజు ఎంతకు కొన్నదో ప్రకటించాలన్నాయి. కొన్ని, ఒకే రకం సరుకుకు వేర్వేరు ధరలు ఇవ్వకూడదన్నాయి. అయోవా ఇంకో పని కూడా చేసింది. పశువుల కాంట్రాక్టుల్లో రహస్యం పాటించాలన్న షరతు చెల్లదని చట్టం చేసింది. అప్పటి అయోవా అటార్నీ జనరల్ టామ్ మిల్లర్ కార్యాలయం ఆ కాంట్రాక్టులను సంపాదించి ఎవరైనా చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. అంతవరకు ఒకే వీధిలో ఉంటూ ఒకరి షరతులు ఒకరికి తెలియని రైతులు, వంటింటి బల్ల మీద రెండు కాంట్రాక్టులు పక్కపక్కన పెట్టి చదువుకునే వీలు కలిగింది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఖర్చు తక్కువ, గొడవ తక్కువ, ఫలితం గట్టిది.

ధరలు ప్రకటించాలన్న చట్టాల సంగతి వింతగా మలుపు తిరిగింది. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకం ఫారం నింపమంటే కంపెనీలకు తలనొప్పి. అంతవరకు ఇలాంటి చట్టమే వద్దన్నవాళ్లు, ఉంటే దేశమంతటికీ ఒకటే ఉండాలన్న దారికి వచ్చారు. 1999 అక్టోబరులో కేంద్ర చట్టం వచ్చింది, 2001 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆ చట్టంతో పాటే రాష్ట్రాల సొంత ధరల చట్టాలకు తెరపడింది. ఇప్పుడు రోజుకు రెండు మూడుసార్లు అమెరికా వ్యవసాయ శాఖ పందుల ధరల పట్టికలు వెలువరిస్తోంది. పేరు చెప్పకుండా, ఏ కంపెనీ ఎంతకు కొన్నదో తెలియకుండా, గుత్తగా. నగదు బేరం మరీ సన్నబడిన రోజున, గోప్యత నిబంధన వల్ల కొన్ని ప్రాంతాల ధర అసలు అచ్చే కాదు.

ఒకే ధర చట్టాలకు రెండు రాష్ట్రాల్లో రెండు గతులు పట్టాయి. సౌత్ డకోటా చట్టం తన రాష్ట్రంలో కోసే పశువులన్నిటికీ వర్తించేలా రాశారు. సూ ఫాల్స్ పట్టణంలో పెద్ద పందుల కబేళా ఉంది. దానికి పొరుగున ఉన్న అయోవా, మిన్నెసోటా నుంచి కూడా లారీలు వస్తాయి. అంటే అయోవాలో అయోవా రైతుతో జరిగిన బేరాన్ని సౌత్ డకోటా శాసిస్తున్నట్టే కదా అని మాంసం కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. అమెరికా రాజ్యాంగం రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యాన్ని కేంద్రం చేతిలో పెట్టింది, ఓ రాష్ట్రం తన పొలిమేర దాటి చెయ్యి చాపకూడదు. 1999లోనే ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. మిస్సోరి మాత్రం తన గడ్డ మీద జరిగే కొనుగోళ్లకే చట్టాన్ని పరిమితం చేసింది. నాణ్యతను బట్టి, రవాణా ఖర్చును బట్టి, ఫలానా రోజున సరుకు అప్పగిస్తామన్న ఒప్పందాన్ని బట్టి ధరలో తేడా ఉండొచ్చు, ఊరికే ఉండకూడదు అంది. దాని మీదా కేసు పడింది. 2001లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు మిస్సోరి చట్టం చెల్లుతుందని చెప్పింది.

కేసులో రాష్ట్రం గెలిచింది, కానీ కొనుగోలుదారు మిస్సోరి దాటి పక్క రాష్ట్రంలో కొనుక్కుంటానంటే ఏ కోర్టూ ఆపదు. ఈ చట్టానికి అడ్డుపడి కోర్టుకెళ్లింది కంపెనీ కాదు, పశువులు మేపే వాళ్లే. మా దగ్గరికి కొనేవాళ్లు రావడం మానేస్తారన్నది వాళ్ల భయం. పొలిమేర దాటితే చట్టం చెల్లదు, దాటకపోతే కొనేవాడే దాటిపోతాడు.

మూడో మార్గం అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా కటువైనది. మాంసం కంపెనీ పశువులను పెంచనే కూడదనడం. అయోవా 1975లోనే ఈ చట్టం చేసింది. పాతికేళ్ల పాటు ఎవరూ పెద్దగా పరీక్షించలేదు. 2000లో స్మిత్‌ఫీల్డ్ కంపెనీ మర్ఫీ ఫార్మ్స్‌ను కొన్నప్పుడు వివాదం రాజుకుంది. మర్ఫీకి అయోవాలో పందులున్నాయి, స్మిత్‌ఫీల్డ్‌కు కబేళాలున్నాయి. మిల్లర్ దావా వేశాడు. శాసనసభ చట్టాన్ని బిగించింది. ఆ బిగించడంలో సహకార సంఘాలకు మినహాయింపు ఇవ్వడం వల్ల, బయటి కంపెనీ మీద వివక్ష చూపారంటూ 2003లో జిల్లా కోర్టు చట్టాన్ని కొట్టేసింది. మరుసటి ఏడు అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. మళ్లీ విచారణ దాకా రాలేదు. 2005లో రాష్ట్రం, కంపెనీ రాజీ పడ్డాయి. కంపెనీ అయోవాలో కాంట్రాక్టు మీద పందులు పెంచుకోవచ్చు. బదులుగా పెంచే రైతు సంఘంలో చేరినా, తన కాంట్రాక్టును నలుగురికి చూపించినా, అధికారులకు ఫిర్యాదు చేసినా అతని మీద కక్ష సాధించకూడదు. తర్వాత మరికొన్ని కంపెనీలూ అలాంటి రాజీ పత్రాల మీదే సంతకాలు పెట్టాయి.

దీన్ని ఓటమి అన్నవాళ్లు ఉన్నారు. నేను పూర్తిగా అలా అనలేను. అప్పటికి అయోవాలో పందుల రైతులంటే ఒకే రకం వాళ్లు కారు. సొంత పందిని సొంత బేరానికి అమ్ముకునేవాడు నిషేధం ఉండాలన్నాడు. బ్యాంకు అప్పుతో షెడ్డు కట్టి, కంపెనీ పంది పిల్లలనూ కంపెనీ దాణానూ తెచ్చుకుని మేత కూలి మీద బతికేవాడు నిషేధం పోవాలన్నాడు. మన దగ్గర బ్రాయిలర్ కోళ్ల షెడ్డు రైతు పరిస్థితి అచ్చం ఇదే. షెడ్డు అతనిది, అప్పు అతనిది, కరెంటు బిల్లు అతనిది, కోడి మాత్రం కంపెనీది. అలాంటివాడికి ‘కంపెనీ కోళ్లు పెంచకూడదు’ అనే చట్టం చుట్టమా, శత్రువా? రెండో రకం రైతులు ఎక్కువైన చోట మొదటి రకం వాళ్లు కోరే చట్టం నిలవదు. నెబ్రాస్కాలో 2016లో జరిగింది ఇదే. పందుల విషయంలో పాత నిషేధాన్ని శాసనసభే సడలించింది, అయోవాకు పోతున్న షెడ్లు మన రాష్ట్రానికి రావాలనే వాదనతో. అంతకు ముందు 2001 డిసెంబరులో, కంపెనీల పశు యాజమాన్యాన్ని దేశమంతటా నిషేధించే సవరణ అమెరికా సెనేట్లో 51–46 ఓట్లతో నెగ్గింది. తుది బిల్లులో అది లేదు.

ఆ స్మిత్‌ఫీల్డ్‌నే 2013లో ఒక చైనా కంపెనీ కొనేసింది. ఇప్పుడు అమెరికాలో కోసే ప్రతి మూడు పందుల్లో రెండింటిని నాలుగు కంపెనీలే కోస్తున్నాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ సోకి సూ ఫాల్స్ కబేళా మూతపడితే దేశంలోని పంది మాంసంలో నాలుగైదు శాతం ఒక్కసారిగా ఆగిపోయింది. చుట్టుపక్కల రైతులు అమ్మే దారి లేక ఆరోగ్యంగా ఉన్న పందులను చంపి పాతిపెట్టారు.

పొలిమేర గురించి కోర్టులు ఇంతకాలం చెప్పిన దానికి 2023లో ఒక వింత పొడిగింపు వచ్చింది. ఈసారి పందులు పెంచే రాష్ట్రం కాదు, తినే రాష్ట్రం. 2018లో కాలిఫోర్నియా ఓటర్లు ఒక చట్టాన్ని నెగ్గించారు. ఈనే పందికి కనీసం ఇరవై నాలుగు చదరపు అడుగుల చోటు ఇవ్వకపోతే దాని సంతతి మాంసం మా రాష్ట్రంలో అమ్మకూడదని. దేశంలోని పంది మాంసంలో పదమూడు శాతం కాలిఫోర్నియాయే తింటుంది, పెంచేది అత్యల్పం. అయోవా షెడ్డును కాలిఫోర్నియా శాసించడమేమిటని జాతీయ పందుల ఉత్పత్తిదారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. సౌత్ డకోటా మీద పాతికేళ్ల కిందట మాంసం కంపెనీలు గెలిచింది ఇంచుమించు ఇదే వాదనతో. సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో కాలిఫోర్నియా వైపు నిలిచింది.

దాంతో షెడ్లలో గోడలు పగలగొట్టి కొలతలు మార్చుకున్న రైతులు కొందరు, ఆ మాంసానికి ఎక్కువ ధర పలుకుతోందని సంతోషించినవాళ్లు కొందరు. ఆ చట్టాన్ని రద్దు చేసే సవరణ కోసం పందుల ఉత్పత్తిదారుల సంఘం వాషింగ్టన్లో తిరుగుతోంది. చోటు పెంచడానికి డబ్బు ఖర్చు పెట్టిన రైతులు కొందరు ఇప్పుడు చట్టం ఉండాలని అదే వాషింగ్టన్‌కు వెళుతున్నారు.